హాలు తాళం ఎవరి దగ్గర? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఊరి కమ్యూనిటీ హాళ్ల గురించి గత సంచికలో నాలుగు మాటలు రాసి, మీ ఊళ్లో హాలు ఎలా ఉందో చెప్పమని అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఉన్నది ఒకటే కథ: కట్టారు, రిబ్బన్ కత్తిరించారు, తాళం వేశారు. పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)గా చేరి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈ)గా రిటైరయ్యేదాకా నా ఉద్యోగమంతా ఇలాంటి కట్టడాల ఎస్టిమేట్లు, కొలతల పుస్తకాల మధ్యే గడిచింది. ఈ ఉత్తరాలు చదువుతుంటే మనసు ఊరుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. కొందరు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మా ఊళ్లో ఎంపీ నిధులతో కట్టిన కమ్యూనిటీ హాలు ఉంది. పదిహేనేళ్లు దాటింది. వానొస్తే స్లాబు కారుతుంది, పెచ్చులు ఊడి పడుతున్నాయి. కరెంటు ఎప్పుడో తీసేశారు. లోపల ఎవరివో ఎరువుల బస్తాలు, టెంటు సామాను. బాగు చేయిద్దామంటే డబ్బు లేదంటారు కార్యదర్శి. కొత్తది శాంక్షన్ చేయిస్తామంటారు నాయకులు. ఏం చేయమంటారు? – ఒక మహిళా సర్పంచ్, ప్రకాశం జిల్లా

అమ్మా, కొత్త హాలు మాట పక్కన పెట్టండి. కొత్తదానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, కాబట్టి నాయకులకు దానిమీదే మనసు. పాతది కారకుండా చేస్తే ఫలకం వేయరు. కానీ పదిహేనేళ్ల స్లాబు పాడుబడే వయసుది కాదు, పట్టించుకోక పాడైంది, అంతే.

ఒక మంచి వాన చూసుకుని, అది వెలిసిన వెంటనే మేడ మీదికి మనిషిని ఎక్కించండి. నీళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డాయో ఫొటోలు తీయించండి. నేను చూసిన హాళ్లలో చాలావాటికి స్లాబు పగిలి కాదు, నీళ్లు పోయే దారి మూసుకుపోయి కారుడు మొదలైంది. పిట్టగోడ మూలన ఉండే పైపు నోట్లో ఎండాకులు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుని ఉంటాయి. పిట్టగోడ పగుల్లో రావి మొలక లేచి ఉంటుంది. దాన్ని పైపైన విరిచేస్తే లాభం లేదు, మళ్లీ చిగురిస్తుంది. వేరుతో సహా తీయించి ఆ సందు సిమెంటుతో పూడ్పించండి. ఈ రెండు పనులకూ ఏ శాంక్షనూ అక్కర్లేదు, ఒక రోజు కూలి చాలు.

తర్వాత లోపలికి వచ్చి, పెచ్చులు ఊడిన చోట ఇనుము కనిపిస్తోందేమో చూడండి. తేమ తగిలి తుప్పు పట్టిన ఊచ లావెక్కుతుంది. ఆ లావు కింది కాంక్రీటును నెట్టేస్తుంది. అందుకే పెచ్చులు. దానిమీద ఉత్త ప్లాస్టరింగ్ చేయించి సున్నం కొట్టిస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ ఊడుతుంది. తుప్పు పూర్తిగా గీకించి, ఊచకు తుప్పు పట్టనివ్వని పూత వేయించి, ఆ తర్వాతే పూడ్పించాలి. ఊచ బాగా తినేసి సన్నబడిందనుకోండి, అప్పుడు ఏఈని పిలిచి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. అది వచ్చేదాకా పిల్లల్ని లోపలికి వెళ్లనివ్వకండి. మేడ మీద వాటర్ ప్రూఫింగ్ చేయించే ముందు వాలు సరిచేయించడం మరవకండి, నూరు అంగుళాల పొడవుకు ఒక అంగుళం చొప్పున. వాలు లేని మేడ మీద ఎంత ఖరీదైన మందు పూసినా డబ్బు దండగ. ఆ ఎరువుల బస్తాలు కూడా వారం గడువిచ్చి, దండోరా వేయించి తీయించేయండి. ఎరువులో ఉండే లవణాలు తేమతో కలిసి ఇనుమును ఇంకా తొందరగా తినేస్తాయి.

ఇక డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టడి పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది, జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మాత్రం కాదు. హాలు రిపేరంతా ఒకే ఎస్టిమేటుగా రాయిస్తే ఆ అంకె చూసి అందరూ వెనక్కి తగ్గుతారు. విడదీసి రాయించండి. మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకు, మేడ మీది వాన నీటికి ఇంకుడు గుంత ఒక వైపు. స్లాబు, వైరింగ్ ఇంకో వైపు. ఒక్కో ఆర్థిక సంఘానికి ఈ వాటాలు మారుతుంటాయి కాబట్టి, మీరు రాయించే నాటికి ఏ నిబంధన అమల్లో ఉందో చూసుకోండి. నిబంధన ఏదైనా, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో లేని పనికి బిల్లు కాదు. ఏటా అక్టోబరు 2 నుంచి మొదలయ్యే ప్రణాళిక గ్రామసభల్లో మీ హాలు పని తీర్మానంలోకి ఎక్కాలి. ఎక్కిందో లేదో ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఊళ్లో ఎవరైనా ఫోన్లోనే చూసుకోవచ్చు.

ఇంకో విషయం. ఎంపీ నిధుల పథకం 1993 డిసెంబరులో మొదలైంది. ఆ నిధులతో ఏది కట్టినా, మంజూరుకు ముందే 'నిర్వహణ మేం చూసుకుంటాం' అని వాడుకునే సంస్థ నుంచి జిల్లా అధికారులు హామీ తీసుకోవాలని మార్గదర్శకాల్లో ఉంది. మీ హాలుకు ఆ హామీ ఎవరిచ్చారో ఫైలు తీయించి చూడండి. పంచాయతీయే ఇచ్చి ఉంటే, డబ్బు లేదన్న ఒక్క మాటతో తప్పించుకోవడం కుదరదు. ఫైలు కనిపించడం లేదంటారా, ఊళ్లో ఎవరిచేతైనా సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసులో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు పడ్డాక దొరికిన ఫైళ్లు నాకు చాలా తెలుసు.

ప్రశ్న: మా ఊరివాళ్లం హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నాం. పాత హాలు పడగొట్టి ఏసీ ఫంక్షన్ హాలు కట్టించాలని వాట్సాప్ గ్రూపులో అనుకున్నాం. పక్క స్థలం ఇస్తానని ఒక పెద్దాయన మాటిచ్చారు. విరాళాలు ఎలా తీసుకోవాలి? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జగిత్యాల జిల్లా

తమ్ముడూ, ఊరి మీద ప్రేమతో అడిగావు, అందుకే సూటిగా చెబుతాను. ఊళ్లో ఉంటున్నవాళ్లను అడిగారా? గ్రూపులో ఉన్నవాళ్లు ఏడాదికి రెండుసార్లు, పండక్కో పెళ్లికో వస్తారు. కాబట్టి వాళ్లకు హాలంటే పెళ్లి పందిరే కనిపిస్తుంది. రోజూ అక్కడ ఉండేవాళ్లకు కావలసింది వేరు కావచ్చు. పిల్లలు పరీక్షలకు చదువుకునే చోటు, పింఛను రోజున ముసలివాళ్లు నీడన కూర్చునే బల్ల, వైద్య శిబిరం పెడితే డాక్టరు చేతులు కడుక్కునే నీళ్లు. ఒక ఆదివారం ఊరికి వెళ్లి, మగవాళ్లను ఒకసారి, ఆడవాళ్లను విడిగా ఇంకోసారి కూర్చోబెట్టి వినండి. రెండు జాబితాలు ఒక్కలా ఉండవు.

పడగొట్టే ముందు మీ ఊళ్లో ఇప్పటికే ఉన్న సర్కారు గదులు లెక్కేయండి. తెలంగాణలో 2020లో, సుమారు 5,000 ఎకరాల క్లస్టరుకు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు (రైతుల సమావేశ భవనాలు), ఒక్కోటి 22 లక్షల రూపాయల లెక్కన కట్టారు. మీ ఊళ్లో కాకపోతే పక్క ఊళ్లో ఒకటి ఉంటుంది. పంచాయతీ ఆఫీసు, అంగన్‌వాడీ, బడి, మహిళా సంఘం భవనం ఎలాగూ ఉంటాయి. ఏది ఏ రోజు ఖాళీగా ఉంటోందో రాసుకుంటే మీకే తెలుస్తుంది, ఊరికి లోటు గోడలు కాదని. ఏసీ ఫంక్షన్ హాలు ముహూర్తాలున్న రోజుల్లో కళకళలాడుతుంది. మూఢం వచ్చిన నెలల్లో దాని కరెంటు బిల్లు ఎవరు కడతారు?

కట్టిన ఖర్చులో ఏడాదికి నూటికి రెండు రూపాయలు నిర్వహణకు ఉండాలన్నది నేను ఎప్పుడూ పెట్టుకునే లెక్క. 25 లక్షల హాలైతే ఏడాదికి 50 వేలు: సున్నం, ఫ్యాన్లు, పైపులు, ఊడ్చే మనిషి జీతంలో కొంత. ఏసీలు పెడితే ఇది ఏ మూలకూ రాదు. అందుకని మీరు పోగు చేసే డబ్బులో మూడో వంతు కట్టడానికి వాడకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి. దాని వడ్డీ మీద హాలు బతకాలి. ఈ మాటకు గ్రూపులో ఉత్సాహం తగ్గుతుందని తెలుసు. అయినా ఒప్పించండి. దాతల పేర్లు గోడ మీద ఉండి, ఆ గోడకే నెమ్ము పట్టిన హాళ్లను చూసి చూసి చెబుతున్న మాట ఇది.

స్థలం మాట. పెద్దాయన మనసు మంచిదే, కానీ స్థలం మాట మీద చేతులు మారదు. స్థిరాస్తి దానం చెల్లాలంటే దాత సంతకంతో, కనీసం ఇద్దరు సాక్షులతో రాసిన దానపత్రం రిజిస్టర్ కావాలి. ఆయన పిల్లల్ని కూడా సాక్షి సంతకాలకు పిలవండి. చట్టం అడగదు, కానీ రేపు ఆయన లేనప్పుడు హాలు ముందు గొడవ రాకుండా ఉంటుంది. రిజిస్టరయ్యాక పంచాయతీ ఆస్తుల రిజిస్టర్లో ఎక్కించడం మరవకండి.

విరాళాలకు వాట్సాప్ గ్రూపు చాలదు, సొసైటీ ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే రిజిస్టర్ చేయించవచ్చు. ఆ ఏడుగురిలో కనీసం నలుగురు ఊళ్లో నివసించేవాళ్లై ఉండాలన్నది నా మాట. అమెరికా స్నేహితుల విషయంలో చాలా జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మాత్రం, భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో కావాలి. ఆ డబ్బు వచ్చే ఖాతా కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఉండాలి. ఒకే క్లాసులో చదివిన ఇద్దరు స్నేహితుల డబ్బు మధ్య ఇంత తేడా ఉంటుందని చాలామందికి తెలియదు. తెలియక తీసుకుంటే చిక్కుల్లో పడేది ఊళ్లో సంతకం పెట్టిన సొసైటీ కార్యదర్శి.

ఏసీకి పెట్టే డబ్బుతో నన్నడిగితే ఏం చేయిస్తానో కూడా చెప్పనీ. ఎదురెదురుగా పెద్ద కిటికీలు, మేడ మీద తెల్లటి చలవ పూత, పడమటి వైపు వెడల్పైన వరండా. వంటకు హాలుకు దూరంగా వేరే రేకుల షెడ్డు, దానికి సొంత కుళాయి. ఆడవాళ్ల మరుగుదొడ్డి మగవాళ్ల దానికి ఆనుకుని కాకుండా వేరే వైపు, లోపలి గడియతో, లైటుతో. మెట్ల పక్కన వాలుబాట: అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ ఎక్కుతుంది. చాలా హాళ్లలో నాలుగడుగుల పొడవుతో నిటారుగా కట్టి వదిలేస్తారు. దాని మీద బైకు ఎక్కుతుంది, కుర్చీ ఎక్కదు.

ప్రశ్న: పొదుపు సంఘాల వాళ్లం. నెలనెలా మా సమావేశం హాల్లో పెట్టుకుందామంటే తాళం ఒక పెద్దమనిషి ఇంట్లో ఉంటుంది. అడిగిన ప్రతిసారీ ఏదో ఒక సాకు. చివరికి చెట్టు కిందే కూర్చుంటున్నాం. – గ్రామ సంఘం అధ్యక్షురాలు, విజయనగరం జిల్లా

అమ్మా, పంచాయతీ ఆస్తి తాళం పెద్దమనిషి ఇంట్లో ఉండడానికి ఏ తీర్మానం ఉందో మొదట అడగండి. ఉండదు. ఎప్పుడో పెళ్లికి తీసుకున్నది అలాగే ఉండిపోయి ఉంటుంది. ఆయనతో గొడవ అక్కర్లేదు. పంచాయతీ సమావేశంలో తీర్మానం చేయించండి: కొత్త తాళం, మూడు చెవులు. ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి మీ గ్రామ సంఘం దగ్గర, ఒకటి హాలుకు దగ్గర్లో ఉండి పగలంతా ఇంటిపట్టున ఉండేవాళ్ల దగ్గర. హాలు గోడ మీదే ఒక పలక పెట్టండి. ఏ తేదీన ఎవరు అడిగారో దానిమీద రాయాలి, ముందు రాసినవాళ్లకే హాలు. నెలనెలా జరిగే మీ సమావేశం తేదీని ఏడాది మొత్తానికీ ముందే రాసేయండి. పెళ్లికి ఆ రోజు కావాలంటే వాళ్లే వచ్చి మిమ్మల్ని అడుగుతారు.

అద్దె సంగతి కూడా ఆ తీర్మానంలోనే తేల్చండి. పెళ్లికి ఒక రేటు, సంఘం సమావేశాలకు, బడి పిల్లలకు, వైద్య శిబిరాలకు ఉచితం. ప్రతి పైసాకు రసీదు. ఊడ్చే పని గ్రామ సంఘం తీసుకుని, పెళ్లి అద్దెలో కొంత భాగం ఆ పనికి కూలిగా వచ్చేలా రాయించుకోండి. ఊరికే చేయొద్దు. ఆడవాళ్ల చేత ఊరికే చేయించుకోవడం మన ఊళ్లకు బాగా అలవాటైపోయింది.

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు దూబగుంట గుర్తొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు అంతకుముందు రాత్రిపూట, ఇంటి పనులు ముగించుకుని, అక్షరాస్యత కేంద్రంలో కూర్చుని చదువు నేర్చుకున్నవాళ్లు. వాచకంలో తాగుడు వల్ల చితికిన సంసారం గురించిన పాఠం మీద మాట్లాడుకుంటూ తమ ఇళ్ల గురించి మాట్లాడుకున్నారు. అక్కడ రగిలిన ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం అనగానే రోశమ్మ గారి పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. పదిమంది ఆడవాళ్లు కలిసి కూర్చోవడానికి ఒక చోటు, ఒక వేళ దొరికాయన్న సంగతి కూడా చెప్పుకోవాలి. మీరు అడుగుతున్నది చిన్న విషయమని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రశ్న: చెల్లెలి పెళ్లికి ఊరి కమ్యూనిటీ హాలు అడిగితే, 'మీకు మీ పేటలో అంబేడ్కర్ భవనం ఉందిగా, అక్కడ చేసుకోండి' అన్నారు. ఆ రోజు హాలు ఖాళీగానే ఉంది. – పేరు, జిల్లా వద్దన్న పాఠకుడు

ఇది జరగకూడని పని, నేరం కూడా. సర్కారు డబ్బుతో నడిచే బహిరంగ స్థలాల్లోకి కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలోనే ఉంది. ఆపితే 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రెండూ ఉన్నాయి. పేటలో మీ భవనం మీకు ఉండడం, ఊరి హాలు మీద మీ హక్కును తగ్గించదు. ఊరి హాలు మీదీ.

నోటిమాటగా అడగడం మానేసి రాసి అడగండి. తేదీ, వేళ, పని పేరు రాసి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, సంతకం వేయించుకోండి. కాదంటే ఎందుకు కాదో రాసివ్వమనండి. కులం వల్ల కాదని ఎవరూ కాగితం మీద రాయరు. చాలాచోట్ల అక్కడే దారి తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే 14566కు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదుల కోసం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు. ఎంపీడీఓకి, ఆర్డీఓకి కూడా కాపీలు పంపండి.

ఇది చదివే సర్పంచులకు, వార్డు సభ్యులకు ఒక మాట. మీ హాలు బుకింగ్ పుస్తకం తెరిచి, రెండేళ్లలో ఎవరెవరి శుభకార్యాలు అక్కడ జరిగాయో చూడండి. పేటవాళ్ల పేరు ఒక్కటి కూడా లేకపోతే, ఎవరూ అడగలేదని సర్దిచెప్పుకోకండి. అడగడానికి ఎందుకు జంకుతున్నారో వాళ్లింటికి వెళ్లి అడగండి.

ప్రశ్న: హాల్లో రాత్రి భజన పెట్టుకుంటే మైకు వద్దంటున్నారు. రూలు ఏమిటి? – భజన సమాజం సభ్యుడు, సిద్దిపేట జిల్లా

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదు. కమ్యూనిటీ హాలులాంటి మూసిన చోట, లోపల కూర్చున్నవాళ్ల కోసమే వాడితే మినహాయింపు ఉంది. అంటే స్పీకరు వరండాలో కాదు, లోపల ఉండాలి. మీది పెద్ద హాలు కాకపోతే గొంతు, తాళాలు చాలు. ఖాళీ గోడల హాల్లో మైకు పెడితే మాట గోడకు కొట్టుకుని మళ్లీ వస్తుంది, పాట చెడుతుంది.

ప్రశ్న: హాల్లో ఒక గది ఖాళీగా ఉంది. చదువుకునే గదిగా మారుద్దామంటే, ఈ రోజుల్లో ఎవరొస్తారని నవ్వుతున్నారు. – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా

మాస్టారూ, నవ్వేవాళ్లకు మన పాత చరిత్ర చెప్పండి. సర్కారు గ్రాంటు ఊసు లేని రోజుల్లో ఊళ్లే గ్రంథాలయాలు కట్టుకున్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో ఊరి యువకులు మొదలుపెట్టిందే. అయ్యంకి వెంకట రమణయ్య గారు 1914లోనే ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలన్నిటినీ ఒక సంఘంగా కలిపారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపించారు. ప్రయాణం చేస్తున్నవాళ్ల చేతికి పుస్తకం అందాలన్నది ఆ ఆలోచన. ఆయన ఎవరొస్తారని అడగలేదు, తనే వెళ్లారు. మీ చేతిలో ఒక గది ఉంది, గోడలు ఉన్నాయి. అది చిన్న సంగతి కాదు.

ఈ రోజుల్లో వచ్చేది ఎవరో నేను చెబుతాను. పోలీసు, గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు చదివే పిల్లలు. ఒకే గదిలో టీవీ, వంట, పడక అన్నీ ఉన్న ఇళ్లలో వాళ్లకు కూర్చునే చోటు లేదు. వాళ్ల కోసం మొదలుపెట్టండి. తెల్లవారుజామున 5 నుంచి 8 దాకా, సాయంత్రం 6 నుంచి 10 దాకా. ముందు కావలసింది పుస్తకాల బీరువా కాదు: మంచి లైట్లు, వీపుకు ఆనుడున్న కుర్చీలు, ఫోన్ చార్జింగ్ ప్లగ్గులు, తాగేనీళ్లు, ఆడపిల్లలు భయపడకుండా వచ్చిపోయేలా వీధిలైటు. పుస్తకాలు తర్వాత వాటంతటవే వస్తాయి, ఉద్యోగం వచ్చినవాడు తన పుస్తకాలు తెచ్చి అక్కడే పెట్టిపోతాడు. దినపత్రికలు మాత్రం మొదటి రోజు నుంచే వేయించండి. వాటి కోసం పెద్దవాళ్లు వస్తారు. పెద్దవాళ్లు కూర్చున్న గదికి ఇళ్లలో వాళ్లు ఆడపిల్లల్ని ధైర్యంగా పంపుతారు.

ఇంకో దారి కూడా ఉంది. ఊళ్లో కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం నుంచి వస్తున్న ఏర్పాటు అది. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ ఊరి నుంచి కొన్నేళ్లుగా ఎంత వసూలైంది, ఎంత జమైంది, లెక్క తీసుకుని జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లండి. మా ఊరు ఇంత కట్టింది, మా గదికి మీ పుస్తకాలు ఉంచే డిపో ఇవ్వండని అడగండి. చేయి చాచి అడుగుతున్నట్టు కాదు, కట్టిన పన్నుకు ఫలం అడుగుతున్నట్టు అడగండి. పంచాయతీయే జమ చేయలేదని తేలితే, ముందు ఆ బాకీ తీర్పించండి.

ప్రశ్న: సముద్రం ఒడ్డున ఉన్న ఊరు మాది. తుపాను షెల్టర్ ఉంది. గత తుపానుకు తెరిస్తే లోపలంతా గబ్బిలాలు, ట్యాంకులో చుక్క నీళ్లు లేవు, మరుగుదొడ్లు పనిచేయలేదు. సగంమంది బడికి వెళ్లిపోయారు. – మత్స్యకార యువకుడు, బాపట్ల జిల్లా

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత కోస్తా అంతటా ఈ షెల్టర్లు కట్టడం మొదలైంది. ఆ రాత్రి వేల ప్రాణాలు పోయాయి, ఎక్కడానికి ఎత్తైన చోటు లేక. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో, ఒడిశాలో 2011లో మొదలైన తుపాను ముప్పు తగ్గింపు పథకంలో కట్టినవాటికి ఒక మంచి పేరు పెట్టారు: బహుళ ప్రయోజన షెల్టర్. ఏడాది పొడవునా ఏదో ఒక పనికి వాడాలన్నది ఉద్దేశం. వాడని షెల్టర్ ఏమవుతుందో మీరు కళ్లారా చూశారు. ప్రమాదం రోజున మాత్రమే తెరిచే కట్టడం, ఆ రోజుకే పనికిరాకుండా పోతుంది. గొళ్లెం తుప్పు పట్టిన సంగతి గాలివాన రాత్రి తెలియకూడదు.

అందుకని పై అంతస్తులో రోజూ మనుషులు తిరిగేలా చూడండి: ట్యూషన్, మత్స్యకార సంఘం సమావేశాలు, కుట్టు మిషన్లు, ఏదైనా సరే. ఒకటే షరతు. వలలు, ఇంజన్లు, బస్తాలు అక్కడ పెట్టనివ్వకండి. ఒక గంటలో ఖాళీ చేయలేని సామాను ఏదీ లోపలికి రాకూడదు. కింద స్తంభాల మధ్య గోడలు కట్టి గదులు చేసుకుంటామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. నీళ్లు అడ్డం లేకుండా పారడానికే ఆ కింది భాగం ఖాళీగా వదిలారు. గోడ కడితే ఉప్పెన తాకిడంతా స్తంభాల మీద పడుతుంది.

మన తీరానికి పెద్ద తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో, కొన్ని మే నెలలో వస్తాయి. కాబట్టి ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబర్లో ఒకసారి మీ యువకులే పరీక్ష పెట్టండి. ట్యాంకు నిండా నీళ్లు పట్టి ప్రతి కుళాయి తిప్పండి, ప్రతి మరుగుదొడ్లో నీళ్లు కొట్టండి. జనరేటరు ఉంటే అరగంట నడిపి చూడండి. కిటికీలన్నీ మూసి, గడియ పడుతోందో లేదో చూడండి. వాలుబాట మీద ఒక మంచం మోసుకెళ్లండి, మలుపులో ఇరుక్కుంటే ఆ మలుపు మార్పించాలి. ఊళ్లో నడవలేని ముసలివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఎవరెవరో, వాళ్లను ఎవరు తీసుకొస్తారో పేరు పేరునా కాగితం మీద రాసి షెల్టర్ గోడకు, పంచాయతీలో, ఆశా కార్యకర్త దగ్గర పెట్టండి. పాడైనవాటి జాబితా ఫొటోలతో తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. సెప్టెంబరు చివరికి బాగు కాకపోతే ఆ రసీదుతో జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదుల రోజున వెళ్లండి. వెళ్లేటప్పుడు పదిమందీ కలిసి వెళ్లండి, అందులో నలుగురైనా ఆడవాళ్లు ఉండాలి. గత తుపానుకు ఆ మరుగుదొడ్ల వల్ల ఎక్కువ అవస్థ పడింది వాళ్లే కదా, ఎలా పడ్డారో అధికారికి వాళ్లే చెప్పాలి.